నూటికి నూరు

జమ్మలమడుగు బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులోకి కంప్యూటర్ మెకానిక్ వేషంలో వచ్చాడు ఏజెంట్ యశ్వంత్.

"రెండు వైపులా తీస్తారా మామా?"

"ఒక వైపే. రెండోది నువ్వే రాసుకోవల్ల."

కోడ్ సరిపోయింది. కౌంటర్ వెనక నిలబడ్డ చీఫ్ నరసింహయ్య షట్టర్ సగం దించాడు.

"సాయంత్రం నాలుగింటికి పులివెందుల గెస్ట్‌హౌస్‌లో 'కంచె' యాడ్ బ్లాకర్‌ను ఎనిమిది వందల సర్కారు కంప్యూటర్లకు ఎక్కిస్తాండారు. కంచె, జల్లెడ, ఈ రెండు బ్లాకర్లలో ఒకదాని వెనక విదేశీ ముఠా ఉందంట. ఎక్కిందంటే ఫైళ్లన్నీ వాళ్ల చేతికే. టెస్టులో యాడ్లు ఎన్నెన్ని ఆపినాయప్పా?"

"కంచె నూటికి నూరు. జల్లెడ ఎనభైఏడు."

"టెస్టు చేసిందెవరు?"

"తనూజ."

ఆ పేరు పలికేసరికి యశ్వంత్ గొంతు మెత్తబడింది. మూడేళ్లుగా ముఠాలో పనిచేస్తున్నట్టు నటిస్తూ మనవాళ్లకు కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్ తనూజ. ఆమె నడిచొస్తుంటే ప్రొద్దుటూరు బంగారు అంగళ్లవాళ్లు చూపిస్తున్న హారం కూడా మరిచిపోయేవాళ్లు. మన వీరుడు మాత్రం తక్కువా? పోయిన వారమే ఫోన్లో దొంగచాటుగా ఆమెకోసం ఉంగరాలు వెతికాడు.

"అయితే జల్లెడే దొంగది," అన్నాడు నరసింహయ్య.

"ఇంకొక్కసారి చూస్తా మామా."

ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడి మేడమీది గదే వాళ్ల ల్యాబ్. వంద దొంగ యాడ్లున్న టెస్ట్ పేజీ అడ్రస్ యశ్వంత్‌కూ తనూజకూ తప్ప ఎవరికీ తెలియదు. రెండు బ్లాకర్లకూ అదే మెషిన్, అదే నెట్. ప్రతిసారీ బ్రౌజర్‌ను తుడిచి మొదలుపెట్టారు. పక్షపాతం ఎక్కడా లేదు. కానీ ప్రశ్నపత్రం ముందే చేతిలో పడ్డవాడికీ వచ్చేది నూరు మార్కులే. యశ్వంత్ అవే వంద యాడ్లను కొత్త అడ్రస్‌కు మార్చి మళ్లీ నడిపాడు.

జల్లెడ: ఎనభైఏడు. కంచె: ముప్ఫై ఒకటి.

మూడుసార్లు నడిపాడు. మూడుసార్లూ అంతే. కంచెకు యాడ్లను ఆపడం రాదు, పాత పేజీని గుర్తుపట్టడం వచ్చు. అడ్రస్ ఎవరో చెప్పారు. చెప్పింది తాను కాదు.

డిపార్ట్‌మెంట్ రూలు ప్రకారం యశ్వంత్ తనూజనూ నాలుగుసార్లు రహస్యంగా పరీక్షించాడు. తప్పుడు కోడ్‌లు ఆమెకు కనబడేలా వదిలాడు, ఒక్కటీ ముఠాకు చేరలేదు. నాలుగుసార్లూ నూటికి నూరు. అది చెప్పుకుని మురిసిపోయాడు కూడా. ఇప్పుడు గుండె పగిలిపోయింది.

గెస్ట్‌హౌస్‌లో ఉన్నవాళ్ల ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసేసుకున్నారు. కాల్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. బైకెక్కాడు.

మూడూ యాభైతొమ్మిది. ఆఫీసర్ల నడుమ తనూజ వేలు బటన్ మీదికి వెళుతోంది. యశ్వంత్ దూసుకొచ్చి కేబుల్ పీకేశాడు. స్క్రీన్ నల్లబడింది.

"ఏందిది యశ్వంతూ?" అంది తనూజ.

"అడ్రస్ మార్చి చూసినా. ముప్ఫై ఒకటొచ్చింది."

ఆమె బటన్ మీంచి వేలు తీసేసింది. ఇద్దరు గార్డులు ఆమె చేతులు చెరొకటి పట్టుకున్నారు.

"నేను పెట్టిన పరీక్షలు కూడా నీకు ముందే తెలుసునా?" అనడిగాడు.

"నాలుగూ తెలుసు."

"పరీక్ష పెట్టని దినాలు?"

తనూజ కళ్లు నిండాయి. "ఆ దినాలు నిజమే అంటే నమ్ముతావా?"

నమ్మాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ఈ టెస్టుకు మార్చి చూడటానికి అతని దగ్గర వేరే అడ్రస్ లేదు. జీపు ఆమెను తీసుకుపోయింది.

గెస్ట్‌హౌస్ మెట్ల మీద కూర్చుని రిపోర్టు టైపు చేశాడు. 'జల్లెడ: నూటికి ఎనభైఏడు. మిగతా పదమూడూ వదిలేస్తుంది. నమ్మవచ్చు.' తర్వాత తన ఫోన్‌లోనూ జల్లెడనే వేసుకుని, వార్తలు చూద్దామని తెరిచాడు.

స్క్రీన్ నిండా ప్రొద్దుటూరు అంగడి యాడ్ ఒకటి వచ్చి పడింది: 'మీరు చూసిన ఉంగరం ఇంకా ఉంది!'

మార్కులు సరిగ్గానే వేశాననుకున్నాడు యశ్వంత్. ఆ యాడ్‌ను మూయడానికి మాత్రం చాలాసేపు చెయ్యి రాలేదు.