కానుక సంచిలో జింక నాణెం

చర్చిలో కానుక సంచి ముందు వరుస దాటి వచ్చేసింది. అక్సా గుప్పిట ఇంకా బిగించింది. గుప్పిట్లో ఉన్నది, ఈ అరబ్బు దేశంలో ఆరాధన జరిగే ప్రతి శుక్రవారం తను వేసే వంద ఫిల్సు చిల్లర బిళ్ల కాదు మరి!

ఆ బిళ్ల పొద్దున్నే ఖర్చయిపోయింది. అమ్మ రొట్టె తెమ్మని పంపింది. కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు‌లో వేలాడుతున్న చిప్స్ ప్యాకెట్లు చూడగానే అక్సా నోట్లో నీళ్లూరాయి. అంతే, జేబులోని కానుక డబ్బు కాస్తా చిప్స్ అయిపోయింది.

ఇంటికొచ్చాక గుండెల్లో రాయి పడింది. అందరి ముందూ ఖాళీ చేత్తో సంచి దాటిస్తే అమ్మ ఊరుకుంటుందా? అందుకే బీరువాలోని నీలం డబ్బీ తెరిచి, నాన్న వెండి నాణెం తీసింది. ఒకవైపు జింక బొమ్మ, ఇంకోవైపు ఐదు దినార్లని రాసుంది. రాసుందంటే డబ్బే కదా! దేవుడికి ఇంకా ఎక్కువే ఇచ్చినట్టు కదా!

అలా తనకు తానే సర్దిచెప్పుకుని, కళ్లు మూసుకుని సంచిలో వేసేసింది. వేసిన మరుక్షణం నాన్న గుర్తొచ్చాడు. బాగా పనిచేశాడని, సిత్రా ఊళ్లో తన కంపెనీ మేనేజరు ఇచ్చిన నాణెం అది. ఇంటికెవరొచ్చినా దాన్ని చూపించందే నాన్నకి టీ గొంతు దిగదు.

ప్రార్థన అయ్యాక, సంఘం లెక్కలు చూసే టిమోతి అంకుల్ సంచి కుమ్మరించి ఆగిపోయాడు.

"ఇది ఎవరు వేశారండీ? పొరపాటున పడిందా?"

"ఐదని ఉంది కదా, బ్యాంకులో కట్టెయ్యండి," అంది రూతమ్మ ఆంటీ.

"డబ్బే గానీ, బజార్లో తిరిగే డబ్బు కాదమ్మా ఇది. ఏదో విశేషం గుర్తుండాలని కొట్టిస్తారు. జనం దాచుకుంటారు. బ్యాంకు తీసుకున్నా ఐదు దినార్లే ఇస్తుంది. వేసినవాళ్లకి మాత్రం ఇది మళ్లీ దొరకదు."

అక్సా వాళ్లమ్మ సుందరి తొంగిచూసింది. "అచ్చం ఇలాంటిదే మా ఇంట్లోనూ ఉంది అన్నయ్యగారూ! ఎవరేశారో గానీ ఎంత పెద్ద మనసో! నేనైతే ఇవ్వలేను బాబూ."

అక్సా చెవులు వేడెక్కిపోయాయి. పెద్ద మనసట! నేల చీలితే బాగుండుననిపించింది. టిమోతి అంకుల్ నాణేన్ని కవర్లో వేసి అంటిస్తున్నాడు.

"అంకుల్... అది మాదే."

అందరూ ఇటు తిరిగారు. అక్సా వెక్కుతూనే చిప్స్ సంగతంతా చెప్పేసింది. అమ్మ మొహం ఎర్రబడింది. టిమోతి అంకుల్ తిరిగిచ్చిన నాణేన్ని కొంగున ముడేసుకుని, ఇంటి దారిలో నయీమ్ పేట సందుల్లోకి నడిచింది.

"తిట్టమ్మా," అంది అక్సా వెనకాలే పరిగెడుతూ.

"నేనెందుకు తిట్టడం? అది నాది కాదుగా."

సాయంత్రానికి నాణెం డబ్బీలోకి చేరింది. నాన్నకి ఏమీ తెలియదు. డ్యూటీ నుంచి వస్తూ, పనిలో కొత్తగా చేరిన బుల్లబ్బాయి గారిని వెంటబెట్టుకొచ్చాడు.

"అక్సా, ఆ డబ్బీ పట్రామ్మా! అంకుల్‌కి చూపిద్దాం."

వంటగదిలోంచి అమ్మ చూసింది. మళ్లీ పొయ్యివైపు తిరిగింది. ఊరుకుంటే నాన్నకి ఇక తెలియదు.

అక్సా డబ్బీ తెచ్చింది గానీ మూత మీంచి చెయ్యి తియ్యలేదు.

"నాన్నా, ముందు నేనొకటి చెప్పాలి. ఇవాళ దీన్ని నేను కానుక సంచిలో వేసేశాను."

నాన్న చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అక్సా డబ్బీని ఆ చేతిలో పెట్టి, చిప్స్ దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.