కావలిపొర

ఆ నగరంలో ఉదయం వార్తల్లో వాతావరణం తర్వాత మురుగు ఆరోగ్యం చదువుతారు. వాడేసిన నీళ్లే శుద్ధయి అయిదో రోజుకల్లా మళ్లీ కుళాయిల్లోకి వచ్చే ఊరు కాబట్టి, జనం కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని మరీ వింటారు. "ఊపిరి తొంభై తొమ్మిది శాతం" అంటే ఇక ఆ రోజుకు నిశ్చింత. 2093 జూలైలో ఒక మంగళవారం ఆ అంకె నలభై ఒకటి అని చదివారు. ఒకే నెలలో అలా పడిపోవడం అది మూడోసారి. మధ్యాహ్నానికి కుళాయిలు కట్టేశారు.

ఈ ఊపిరి మనుషులది కాదు. శుద్ధి కేంద్రంలోని పెద్ద తొట్లలో ఉండే బాక్టీరియాది. ఊరి మురికంతా అది తిని అరిగించుకుంటేనే నీళ్లు తేరుకుంటాయి. ఇంటి మురికి ఎంతైనా తింటుంది గానీ, మందుల ఫ్యాక్టరీల సాల్వెంటో ఆమ్లమో వచ్చిపడితే చచ్చి ఊరుకుంటుంది. అందుకే కొండపాలెం పేటలోని అరవై ఒక్క ఫ్యాక్టరీలూ తమ నీళ్లను తమ ఆవరణలోనే ముందస్తుగా శుద్ధి చేసి, ఆ తర్వాతే ఊరి మురుగు గొట్టంలోకి వదలాలి.

సరిగ్గా శుద్ధి చేశారో లేదో చూసేది కావలిగేటు. కనిపెట్టింది డాక్టర్ హేమనళిని. మీటర్లు తమకు తెలిసిన విషాన్నే వెతుకుతాయి. ఫ్యాక్టరీలేమో నెలకో కొత్త మందు తయారు చేస్తాయి. అందుకని ఆవిడ ఊరి తొట్లలోంచే కాస్త బురద తెప్పించి, ప్రతి ఫ్యాక్టరీ గొట్టం చివర గాజు పలకల మీద పలచని బయోఫిల్మ్‌గా పెంచింది. దానికి కావలిపొర అని పేరు పెట్టింది. ఊళ్లోవాటికి ఏది పడదో అది ముందు ఈ పొరకు పడదు. పొర ఊపిరి పది శాతం తగ్గిందంటే గేటు దానంతటదే మూసుకుంటుంది. పదకొండేళ్లుగా ఈ ఏర్పాటును ఎవరూ వేలెత్తి చూపలేదు.

ఇప్పుడు చూపుతున్నారు. శుక్రవారంలోగా తప్పెక్కడుందో తేల్చకపోతే గేట్లన్నీ పీకించి, పేట గొట్టానికి సిమెంటు కొట్టిస్తానని కమిషనర్ గారు మొహం మీదే చెప్పారు. హేమనళినికి అన్నం సయించలేదు. అయినా భయం కంటే కుతూహలమే ఆవిడను ఎక్కువగా తినేస్తోంది. ఆ మంగళవారం అరవై ఒక్క గేట్లూ తెరిచే ఉన్నాయి. ఒక్క పొర కూడా ఇబ్బంది పడలేదు. పొరకు అబద్ధమాడే తెలివి లేదు కదా, మరి విషం ఎలా దాటింది?

నాలుగేళ్లుగా ఒక్కసారీ మూసుకోని పదిహేడో నంబరు గేటు దగ్గరికి ముందు వెళ్లింది.

"ఎలా ఉంది పొర?" అని గేటునే అడిగింది.

"ఊపిరి నూటికి నూరు. ఏ లోటూ లేదు" అంది గేటు.

పక్కన స్టూలు మీద కాపలాదారు పైడిరాజు కూర్చుని మెత్తటి గుడ్డతో గాజు తుడుస్తున్నాడు. యాభై దాటిన మనిషి. హేమనళిని ఒక గ్లాసులో అతని పొర ముక్క, ఇంకో గ్లాసులో ఊరి తొట్టి బురద వేసి, రెండింటిలోనూ ఆ గేటు నీళ్లే పోసింది. పావుగంటలో ఊరి బురద అడుగున నల్లబడి చచ్చిపోయింది. పొర ముక్క బుడగలు వదులుతూ హాయిగా ఉంది.

"ఇవి రెండూ ఒక తొట్టిలోంచి వచ్చినవే. మీది ఎందుకు చావలేదు, పైడిరాజు గారూ?"

పైడిరాజు మొహం వెలిగిపోయింది. "మాది గట్టిదమ్మా. తెచ్చిన కొత్తలో రోజు మార్చి రోజు సొమ్మసిల్లిపోయీది. పక్కన కూకుని సూస్తా ఎలగ ఊరుకుంటాం? పొద్దున్నే బెల్లం నీళ్లు పోసీవోణ్ని. కొత్త మందు మొదలెడతారని తెలిస్తే, వారం ముందునుంచే ఆ నీళ్లు సెంచాడు సెంచాడు అలవాటు సేసీవోణ్ని. ఇప్పుడు దేనికీ జడవదు."

"మిగతా గేట్ల దగ్గర కూడా ఇలాగే చేస్తారా?"

"అందరికీ నేనే నేర్పినానమ్మా."

హేమనళిని అక్కడే మెట్టు మీద కూలబడింది. కోపం రాలేదు. సిగ్గేసింది. పదకొండేళ్లలో పొర ఊపిరిని లక్షసార్లు లెక్కించింది గానీ, దాని పక్కన ఎవరు కూర్చుంటారని ఒక్కసారీ ఆలోచించలేదు.

"ఇది బలంగా ఉండకూడదండీ" అంది నెమ్మదిగా. "ఊళ్లోవాటికి ఎంత బాధో దీనికీ అంత బాధ తెలియాలి. ఇక వారం వారం కొత్త పొర పెడతాం. దాన్ని మీరు సాకకూడదు."

పైడిరాజు గుడ్డ మడత పెట్టాడు. "అయితే నన్ను బాయిలర్ కాడికి మార్చీమనండి. బాధపడ్డానికే తెచ్చినదాని పక్కన నేను కూకోనేను."

"ఊరి తొట్లలో సగానికి పైగా చచ్చిపోయాయి. అది బాధ కాదా?"

"బాధే" అన్నాడతను, నిజంగానే నొచ్చుకుని. "అయి నేను సూడనేదు గదమ్మా."

తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాటే ఆవిడ చెవిలో మోగింది. శుక్రవారం నాడు కమిషనర్ గారి ముందు నిలబడి, గేట్లలోని పొరలన్నీ తీసేస్తానంది. అరవై ఒక్క గేట్ల మీటలూ ఊరి శుద్ధి కేంద్రంలో పెడతానంది. అక్కడ మొదటి తొట్టి చిన్నది. పేట నీళ్లు ఏవొచ్చినా ముందు తెలిసేది దానికే. దాని పక్కన పైడిరాజు స్టూలు వేయిస్తానంది.

"పదకొండేళ్ల పరిశోధన తీసేసి ఒక మనిషిని కూర్చోబెడతారా?" అన్నారు కమిషనర్. నవ్వు ఆపుకుని ఒక వారం గడువిచ్చారు.

సోమవారం పైడిరాజు పనిలో చేరాడు. బుధవారం ఉదయం పది గంటలకు అరవై ఒక్క గేట్లూ ఒక్కసారిగా మూసుకున్నాయి. ఫ్యాక్టరీల యజమానుల ఫోన్లతో హేమనళిని చెవులు హోరెత్తిపోయాయి. ఆవిడ పరుగున కేంద్రానికి వచ్చింది. మీటల మీద చెయ్యేసి పైడిరాజు తొట్టిలోకే చూస్తున్నాడు.

"చచ్చిపోయాయా?"

"నేదమ్మా. పొద్దున్నుంచీ ఒంట్లో బాగోనట్టుంది. తిండి సయించట్లేదు."

హేమనళిని తెర వైపు చూసింది. ఊపిరి తగ్గింది మూడు శాతమే. "పది దాకా ఆగమన్నాను కదండీ."

"ఇంట్లో పిల్లకి ఒళ్లు ఎచ్చబడితే, నూట నాలుగు దాకా సూస్తామేటమ్మా?"

ఆవిడ తెర మీద పరిమితి గీతను చూసింది. ఆ పది శాతం అనే అంకెను ఎప్పుడో గదిలో కూర్చుని, గుండ్రంగా ఉందని వేసుకుంది.

"పరిమితి దాటకుండానే గేట్లు మూశారు" అంది కేంద్రం యంత్రం. "కాపలాదారు పొరపాటుగా నమోదు చేయనా?"

పేట నుంచి ఫోను మోగుతూనే ఉంది. హేమనళిని దాన్ని బోర్లించింది.

"వద్దు" అంది. "పరిమితి మూడుకు మార్చు."