చావని గొడుగు పిల్ల

“చావవే! నీకు చావే రాదా? నీ గొడుగు తగలబడ!”

కళ్లజోడు చేయించుకుందామని అబిడ్స్‌లో ఆ దుకాణం మెట్లెక్కిన ఎల్లేష్ గుమ్మంలోనే ఆగిపోయాడు. కౌంటర్ వెనక ఒకమ్మాయి, ఒద్దికగా జడ వేసుకుని, మెడలో ‘నవత’ అని కార్డు తగిలించుకుని, రెండు చేతులా ఫోన్ పట్టుకుని ఎవరినో చంపుతోంది.

“మేడం... నేను మళ్ల రానా?”

“ఉండుండ్రి సార్, ఒక్క నిమిషం. దీన్ని గుద్ది వస్త.”

ఫోన్‌లోంచి ఢామ్మని చప్పుడు. నవత ఫోన్‌ని కౌంటర్ మీద పడేసింది.

“చూసిన్రా? గుద్దింది నేను, పేలింది నా కారు! ఇదేం న్యాయం సార్?”

ఎల్లేష్ తొంగి చూశాడు. అది ‘నాంపల్లి దాదా’. అతని ఆటే. రాత్రీ పగలూ తిండి మానేసి, దోస్తు అఖిలేష్‌తో కలిసి తయారుచేసిన ఆట.

పాతకాలం నాటి వీడియో ఆటల్లా అంతా పైనుంచే కనిపిస్తుంది. కార్లు అగ్గిపెట్టెలంత, మనుషులు ఉత్త తలకాయలు. ఆడేవాడు దొంగ. బండ్లు ఎత్తుకుపోవచ్చు, గల్లీల్లో పడి పారిపోవచ్చు, ఎవరినైనా గుద్దవచ్చు. ఒక్క గొడుగు పిల్లను తప్ప. చిలకపచ్చ గొడుగు వేసుకుని గన్‌ఫౌండ్రీ రోడ్డు మీద నడిచే ఆ బొమ్మకు కారు తగిలితే కారే పేలుతుంది. తుపాకీ పేలిస్తే గుండే వెనక్కి తిరుగుతుంది.

“ఈ గేమ్ చేసినోడు ఒక్కసారి దొరకాలె సార్. ముందు కళ్ల పరీక్ష చేస్త. ఆ తర్వాత ఇక ఏం కనబడకుంట చేస్త. ఇప్పటికి ఒక్క స్టారే ఇచ్చిన. ‘లేడీ దాదా’ అని నా పేరు. కూసోండ్రి. మీరేం పని చేస్తరు?”

ఎల్లేష్‌కు చెమటలు పట్టాయి. లేడీ దాదా! రెండు నెలలుగా వారం వారం తిట్టిపోస్తున్న లేడీ దాదా!

“కంప్యూటర్ పని” అన్నాడు పీలగా.

“ఏం కంప్యూటరో ఏమో, దూరం మంచిగనే చూస్తున్రు, దగ్గరివే కనబడుతలెవ్వు మీకు” అంది అద్దాలు మార్చి మార్చి పెడుతూ. కళ్లలో కళ్లు పెట్టి చూడటం ఆమె ఉద్యోగం. ఆ సంగతి ఎల్లేష్ గుండెకు ఎవరు చెప్పాలి? అది దాని పాటికి అది లబలబలాడింది.

తర్వాతి వారమంతా ఎల్లేష్ కళ్లజోడుకు రాని రోగం లేదు. ఒకనాడు ముక్కు మీద ఒత్తింది. ఒకనాడు చెవి దగ్గర వదులైంది. ఇంకోనాడు ఏమీ కాకపోతే తానే స్క్రూ ఊడదీసుకుని వెళ్లాడు.

“స్క్రూ దానంతటదే ఊడిందా?” అంది నవత.

“ఔ.”

“మరి మీ జేబులకెల్లి స్క్రూడ్రైవర్ తొంగి చూస్తున్నదేంది?”

ఎల్లేష్ మొహం ఎర్రటి మిరపకాయైంది. నవత పకపకా నవ్వి, చాయ్ తెప్పించింది. చాయ్ తాగుతూ ఇద్దరూ ఆ ఆట మీద జనం రాసిన అభిప్రాయాలు చదువుకున్నారు. ‘కారు దొంగతనం చేసిన గాని పార్కింగ్ దొరకలే. అబిడ్స్‌ల దొంగకు కూడ జాగ లేదాయె. ఐదు స్టార్లు.’ ‘ఆటోవాలా రాను అన్నడు. గన్ చూపించినా రాను అన్నడు. అచ్చం నిజం లెక్కనే ఉన్నది.’ ఒకటొకటీ చదువుతూ నవత కౌంటర్ మీద కొట్టి కొట్టి నవ్వింది. గొడుగు పిల్ల మాట రాగానే మాత్రం మొహం మాడ్చుకుంది.

“అది చేసినోని లవర్ అయ్యుంటది. లేకుంటే అంత భద్రంగ ఎవడు చూసుకుంటడు?”

ఎల్లేష్‌కు చాయ్ పొలమారింది.

నిజమేమిటంటే, అది అంతే. గన్‌ఫౌండ్రీలో మూడంతస్తుల మీద డాబా గది అతనిది. ఆటకు మనుషులు కావాలి గదా అని పిట్టగోడ మీద మోచేతులాన్చి కిందకు చూసి చూసి బొమ్మలు గీశాడు. రెండేళ్లలో రోడ్డు మీది మనుషులంతా అతనికి నడినెత్తులతోనే పరిచయం. బట్టతల వామన్‌రావు సారును మొహం చూస్తే గుర్తుపట్టలేడు, కిందకు వంగితే ‘నమస్తే సార్’ అంటాడు.

ఆ నెత్తుల నడుమ ఒక చిలకపచ్చ గొడుగు రోజూ పోయేది. ఎండైనా అదే, వానైనా అదే. చినిగిన ఒక రెక్కకు నల్లగుడ్డ అతికి ఉండేది. ఒకనాడు హఠాత్తుగా వాన దంచింది. మిర్చిబజ్జీల బండి పొయ్యి ఆరిపోబోయింది. ఆ గొడుగు వెళ్లి పొయ్యికి అడ్డం నిలబడింది. గొడుగు పట్టిన పిల్ల మాత్రం నిలువునా తడిసింది. పైనుంచి ఎల్లేష్‌కు తడిసిన పాపిట ఒక్కటే కనిపించింది. ఆ పాపిట మీదే ప్రేమ పుట్టింది. కిందకు దిగి పలకరించే ధైర్యం పుట్టలేదు. ఆటలో పెట్టుకుని, దానికి చావు లేకుండా రాసుకున్నాడు.

ఇప్పుడేమో నవత. పొద్దున పిట్టగోడ దగ్గర గొడుగు, సాయంత్రం దుకాణంలో నవత. తాను ఇద్దరినీ మోసం చేస్తున్నట్టు ఎల్లేష్‌కు నిద్ర పట్టడం మానేసింది.

“ఇద్దర్లో ఒక్కదానికి పేరు తెల్వదు, ఇంకోదానికి నువ్వెవరో తెల్వదు. ఇంత గరీబ్ మోసం నేనెక్కడ చూడలే బే” అన్నాడు అఖిలేష్.

దాంతో ఎల్లేష్ తెగించి మర్నాడే దుకాణానికి వెళ్లాడు.

“నవతా, నాంపల్లి దాదా చేసింది నేనే.”

నవత చేతిలోని కళ్లజోడు కింద పడింది. ముందు కోపం, తర్వాత నవ్వు, ఆ తర్వాత ఇంకేదో ఆమె మొహంలో వరసగా వచ్చిపోయాయి. చివరికి ఆ ఇంకేదో అక్కడే నిలబడింది.

“అయితే ఆ గొడుగు పిల్ల ఎవరు?”

“తెల్వదు.”

“పేరు?”

“తెల్వదు.”

“మొహమన్న చూసినవా?”

“లే. గొడుగు చూసిన.”

“గొడుగు చూసి ప్రేమించినవా?”

అబద్ధం ఆడితే అయిపోయేది. ఎల్లేష్‌కు అది చేతకాదు. “ఔ” అన్నాడు.

“మరి నా దుకాణం చుట్టు తిరుగుడేంది? స్క్రూలు ఊడదీసుకునుడేంది?” నవత కింద పడ్డ కళ్లజోడు తీసి కౌంటర్ మీద కొట్టినట్టు పెట్టింది. “పో. పోయి గొడుగునే చేసుకో. వానాకాలంల ముహూర్తం పెట్టుకోండ్రి, పందిరి ఖర్చు మిగుల్తది!”

ఆమె లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మళ్లీ రాలేదు.

ఎల్లేష్ గదికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. మొహం తెలియని పిల్ల కోసం, ఎదురుగా కూర్చుని తన కోసం చాయ్ తెప్పించిన పిల్లను పోగొట్టుకుంటున్నాడు. పిట్టగోడ మీంచి ఎన్నేళ్లు చూసినా అది చూడటమే. నవత దగ్గరే అతను నవ్వాడు, పొలమారాడు, తిట్లు తిన్నాడు. అతనికి కావలసింది నవత. కళ్లు తుడుచుకుని గొడుగు పిల్లను ఆటలోంచి తీసేశాడు.

తెల్లవారేసరికి జనం మీద పడ్డారు. ‘గొడుగు పిల్ల ఏది? ఆమె పక్కన నిలబడితే పోలీసోళ్ల గుండ్లు తగలకపోయేవి.’ ‘చాన సార్లు నా జాన్ కాపాడిన బిడ్డ. ఎవడు తీసేసిండు?’ ‘రోడ్డంత బోసిపోయింది. ఒక్క స్టార్.’

“నిన్నటిదాక ఆమె ఉందని తిట్టిన్రు, ఇయ్యాల లేదని తిడుతున్రు. పబ్లిక్ అంటే గిదే!” అని అఖిలేష్ నెత్తి పట్టుకున్నాడు.

సాయంత్రానికి మబ్బు పట్టి, నాంపల్లి స్టేషన్ వైపునుంచి వాన గాలితో సహా వచ్చిపడింది. ఎల్లేష్ పిట్టగోడ దగ్గరికి వెళ్లాడు. చిలకపచ్చ గొడుగు వస్తోంది. రోజూ నేరుగా పోయేది, ఇవాళ తిరిగింది. తమ గేటులోకే తిరిగింది!

ఎల్లేష్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పేయాలి. ఇవాళ చెప్పకపోతే జన్మలో చెప్పలేడు. చెప్పులు కూడా వేసుకోకుండా మూడంతస్తులూ దూకుతూ దిగి, వానలో గొడుగుకు ఎదురుగా నిలబడ్డాడు. గాలికి వంచి పట్టుకున్న గొడుగులో మొహం కనిపించడం లేదు. అదే మంచిదనుకున్నాడు.

“మేడం! మీరెవరో నాకు తెల్వదు. రెండేండ్ల సంది పైనుంచి మిమ్మల్ని చూసిన. అడగకుంట చూసుడు తప్పే. మాఫ్ చేయుండ్రి. నా గేమ్‌ల పెట్టుకున్న, అది కూడ తప్పే. రాత్రే తీసేసిన. ఎందుకంటే నేను నవతను ప్రేమిస్తున్న. ఆమె నాతోని మాట్లాడకపోయినా సరే, ఇక మీదికెల్లి ఎవర్నీ చూడ!”

గొడుగు మెల్లగా పైకి లేచింది.

“ఆమెను ఎందుకు తీసేసినవని కొట్లాడుదమని వచ్చిన. అది లేకుంటే గేమ్‌ల రసమే లేదు” అంది నవత. “బిల్లు మీద అడ్రస్ ఇచ్చినవ్ గద. ఇగో, ఇప్పుడు ఏమన్నవ్? మళ్ల చెప్పు.”

ఎల్లేష్ నోరు తెరిచాడు. నోట్లో వాననీళ్లు పడ్డాయి. నల్లగుడ్డ అతికిన రెక్కను వేలితో చూపించాడు.

నవత తలెత్తి తన గొడుగును చూసింది. నోరు వెళ్లబెట్టింది.

“అంటే... రోజు నేను గుద్దుతున్నది నన్నేనా? నన్ను నేనే చావవే అని తిట్టుకున్ననా?”

“గొడుగు చూసి గుర్తుపట్టలేదా?”

“నా గొడుగును నేను పైనుంచి ఎప్పుడు చూసిన? గేమ్‌ల ఆ నల్ల చుక్కలు చూసి కాకి వాలిందనుకున్న!” అంతలోనే కళ్లెర్ర చేసింది. “నువ్వో? నాతోని కళ్లజోడు పెట్టించుకుని, నా చాయ్ తాగి, నన్ను గుర్తుపట్టలేదా?”

“పైనుంచి మొహం కనబడలే. దుకాణంల గొడుగు కనబడలే.”

“మంచి కళ్లే!” అంది నవత. కోపంగా అందామనుకుంది గానీ నవ్వు ఆగలేదు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది. “నేనని తెల్వకుంటనే, నా కోసం నన్ను తీసేసినవా?”

“ఔ.”

“పిచ్చోడా” అంది. ఆ ఒక్క మాటకు ఎల్లేష్ రెండేళ్ల దిగులూ వానలో కొట్టుకుపోయింది. ఆమె ఒక అడుగు ముందుకేసి గొడుగును అతని మీదికి జరిపింది. “పెట్టాలె మళ్ల ఆమెను. ఒక్కదాన్నే కాదు, దిక్కులేనట్టు తిరుగుతది పాపం. పక్కన ఒకడు నడవాలె.”

“గొడుగు కింద ఇంకోడుంటే పైనుంచి కనబడడు గద?”

“కనబడకుంటెనే మంచిది. మా నాయిన కూడ ఆడుతడు ఆ గేమ్.”

వారం తర్వాత గొడుగు పిల్ల తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే అఖిలేష్ హడావుడిగా ఫోన్ చేశాడు.

“ఎల్లిగా, ఎవరో భూమయ్య అని రాసిండు విను. ‘పిల్ల వాపస్ వచ్చింది, సంతోషం. కాని గాలికి గొడుగు వంగినప్పుడల్ల కింద నాలుగు కాళ్లు కనబడుతున్నయ్. జర సరిచేయున్రి.’ సరిచేద్దమా?”

అవతల వాన చప్పుడు. ఎవరో నవ్వు బిగపట్టుకోలేక కిసకిసలాడుతున్నారు.

“వద్దని చెప్పు” అని నవత గొంతు వినిపించింది. “భూమయ్య మా నాయిననే. ఆ రెండు కాళ్లను ఆదివారం చాయ్‌కు ఇంటికి పట్టుకొస్తున్న, ఆయననే చూసి సరిచేస్తడు.”