ఉయ్యాల పక్కన చెవి

పసిపిల్లల ఏడుపును సరుకు చేసి అమ్ముకున్న కంపెనీ దొరలారా, ఒక్క పేజీ చదవకుండా దానికి అనుమతి ముద్ర గుద్దిన ఆఫీసర్లారా, సెలూన్ కుర్చీలో గడ్డం మీద నురగ ఆరకముందే ప్రాణం వదిలిన ఆ ఇంజినీరు నెత్తురు మీ చేతులకే అంటింది. అప్పుడే తుడుచుకోకండి. ముందు వినండి.

చచ్చినవాడు 'చిట్టిగొంతు' యాప్ తయారుచేసినవాళ్ళలో ఒకడు. బిడ్డ ఏడిస్తే ఆకలా, నిద్రా, కడుపునొప్పా అని చెప్పే యాప్ అది. మంత్రుల ఇళ్ళలో, మిలటరీ క్వార్టర్స్‌లో, ఎక్కడ ఉయ్యాల ఊగితే అక్కడ అదే. ఏడుపు కోసం తెరిచిన మైకు ఇంటి మాటలన్నీ మూటగట్టి ఓ విదేశీ ముఠాకు చేరవేస్తోందని అతనికీ, అదే కంపెనీలో ఇంజినీరైన అతని భార్యకీ తెలిసిపోయింది. సాక్ష్యం చెబుతామని ఇద్దరూ బయటికొచ్చారు. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ ఆ ఇద్దరినీ వేరువేరు చోట్ల దాచింది. మొగుడు దక్కలేదు. పెళ్ళామైనా దక్కాలి.

బ్రీఫింగ్ గదిలో చీఫ్ ముందు టీ చల్లారిపోయింది. ఎదురుగా ఏజెంట్ గద్ద నిలబడి ఉన్నాడు.

"అతను ఆ సెలూన్‌కి వస్తాడని ఎవరెవరికి తెలుసు?"

"మీకు. నాకు."

"నేను చెప్పలేదు."

రేపు పొద్దున ఇంజినీరమ్మ విచారణ కమిటీ ముందు నిలబడాలనీ, ఆవిడకు ఏమైనా అయితే కేసుతోపాటు నీ మెడ కూడా పోతుందనీ చీఫ్ గొంతు పెంచకుండానే చెప్పాడు. లీకు ఎక్కడో ఇవాళే తేలాలి.

ముఠాలో మన మనిషి ఒకతె ఉంది. పిల్లల డాక్టరమ్మ. మెరిసే నవ్వు, ఖరీదైన సెంటు, తల్లులందరూ ఎగబడి చూసే వీడియోలు. లీకు చీఫ్ ఆఫీసులోనే ఉందని ఆమె రహస్యంగా కబురు పంపింది. గద్ద నమ్మాడు. ఆ నవ్వుని నమ్మనివాళ్ళెవరు?

బట్టలు మార్చుకుందామని మధ్యాహ్నం ఇంటికి వెళ్తే పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. భార్య కళ్ళు లోతుకు పోయాయి.

"కాసేపు ఎత్తుకోండి, నాకు ఒళ్ళు తూలుతోంది. మొన్నటిలా ఏదో ఒకటి చెప్పండి. మీ గొంతు వింటేనే పడుకుంటోంది. యాప్ కూడా అదే అంది."

"ఏమంది?"

"నాన్న గొంతుకి ఐదు నక్షత్రాలట, రోజూ మాట్లాడించమంది. నాకు మూడే ఇచ్చింది లెండి, మోసి కన్నదాన్ని కదా."

గద్దకు మొన్నటి పాట గుర్తొచ్చింది. కాగితం మీద ఏదీ పెట్టకూడదని ట్రైనింగ్‌లో నేర్పారు. అందుకే డ్యూటీ వివరాలన్నీ నోట్లోనే వల్లెవేసుకుంటాడు. ఒక్క జోలపాటా రాని ఆ మనిషి మొన్న పాపను ఊపుతూ వాటికే రాగం కట్టాడు. వీధి చివర సెలూనూ, నీలం షట్టరూ, కోడ్ వర్డ్ జామకాయా. పాప హాయిగా పడుకుంది. ఒక మనిషి చచ్చిపోయాడు.

ఈ యాప్ ఎవరు పెట్టారని అడిగాడు.

"డాక్టరమ్మే. స్వయంగా ఇంటికొచ్చి పెట్టి వెళ్ళింది. ఎంత మంచి మనిషో."

భార్యకు ఏమీ చెప్పలేదు. చెబితే ఆమె జన్మలో మళ్ళీ నిద్రపోదు. పాపను భుజాన వేసుకుని, ఫోను దగ్గరగా జరిగి, కొత్త పాట అందుకున్నాడు. మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ, వెనక గది, ఇంజినీరమ్మ ఒంటరిగా ఉంది, సాయంత్రం దాకా కాపలా లేదు. పాప పడుకోగానే మంచం మీది నల్ల సంచీ తగిలించుకుని వీధిలోకి పరుగెత్తి, చీఫ్‌కు సంగతి చెప్పాడు. మనుషులు ఫ్యాక్టరీ చుట్టూ సర్దుకున్నారు.

వెనక గదిలో గద్ద ఆడవాళ్ళ కోటు వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. అనుకున్నట్టే తెల్లకోటుతో డాక్టరమ్మ వచ్చింది. చేతిలో నుదుటి జ్వరం చూసే థర్మామీటర్. దాని మొనలో విషపు సూది.

గద్ద తుపాకీ కోసం సంచీలో చెయ్యి పెట్టాడు. మెత్తగా తగిలింది. డైపర్లు. నల్ల సంచీలు రెండుంటే హడావుడిలో పాపది తెచ్చాడు.

గుడ్డ జారింది. ఆమె నవ్వింది. "శ్రుతి లేకపోయినా పాట బాగుంది గద్ద గారూ. మేం ఎవరింట్లోకీ దొంగతనంగా దూరలేదు. 'అంగీకరిస్తున్నాను' అని నొక్కి తల్లులే తలుపు తీశారు. చదివే ఓపిక ఎవరికుంది?"

"నిద్రలేని మనిషి చేత సంతకం పెట్టించుకుంటే మా లాకప్‌లో దాన్ని బలవంతం అంటారు డాక్టరమ్మా."

ఆమె సూది ఎత్తింది. గద్ద సంచీలోని పౌడర్ డబ్బా మూత పీకి ముఖం మీదికి విసిరాడు. గదంతా తెల్లబడింది. దగ్గుతూనే ఆమె పొడిచింది. సూది అతని మెడ పక్కనుంచి కుర్చీ చెక్కలో దిగి విరిగింది. అప్పటికి మనవాళ్ళు తలుపు బద్దలు కొట్టారు.

మర్నాడు ఇంజినీరమ్మ సాక్ష్యం చెప్పింది, మూసిన తలుపుల వెనక. ముఠా పట్టుబడింది. చీఫ్ గద్ద భుజం తట్టి, యాప్ ఆపడం లేదనీ, సర్వర్లు మన బేస్‌మెంట్‌కి వస్తున్నాయనీ, ఇకనుంచి మనమే వింటామనీ చెప్పాడు. శత్రువు వింటే కుట్ర, మనం వింటే భద్రతట.

వరండాలో ఇంజినీరమ్మ ఆ మాట విన్నది. ఏడవలేదు.

"అయితే మా ఆయన దేనికి పోయినట్టు?" అంది.

గద్ద తన ఐడీ కార్డు తీసి చీఫ్ బల్ల మీద పెట్టాడు.

ఆ ప్రశ్నకు జవాబు బిడ్డల్ని కన్నవాళ్ళం మేం అడుగుతున్నాం. టీకా తేదీ గుర్తుచేసే యాప్ ఉంచండి, మందు మోతాదు చెప్పే యాప్ ఉంచండి, తల్లులు మిమ్మల్ని చల్లగా ఉండమంటారు. ఈ చెవిని మాత్రం కోసెయ్యండి. సర్వర్లను పగలగొట్టండి, అందరూ చూస్తుండగా. ముద్ర గుద్దినవాణ్ణి బోనెక్కించండి. ఇవాళే. బిడ్డ ఎందుకేడుస్తోందో మేం ఎత్తుకుని తెలుసుకుంటాం లెండి, మీరు వినక్కర్లేదు.