ఏడో గడి

వజ్దీ మొదటిసారి ఎమ్నాను చూసిన రోజు ఆమె అతన్ని గదిలోంచి బయటికి పంపింది.

"ఆ పలక మీదకి వంగి ఊపిరి వదలకండి," అంది. "మీరు వదిలిన గాలి కూడా దానికి కనిపిస్తుంది."

"నేను ప్రోగ్రామ్ రాయడానికి వచ్చినవాణ్ణి."

"గుమ్మం అవతల నుంచి రాయండి."

అప్పట్లో స్ఫాక్స్‌లోని ఆ పరిశోధనశాలకు ఉన్నవి రెండు గదులే. లోపలి గదిలో ఎమ్నా గోరంత పలక మీద బంగారు పూత పూసి, ఆ పూతలో కంటికి ఆనని రంధ్రాలు చేసేది. పలకను ఇరవై గడులుగా విడదీసింది. ప్రతి గడిలోనూ రంధ్రాల కొలత వేరు. అందుకని ఒక్కో గడి పరారుణ కాంతిలో ఒక్కో భాగాన్ని మాత్రమే అవతలికి వదులుతుంది. ఆలివ్ నూనె గుండా వచ్చిన కాంతి ఏ గడిలో ఎంత తగ్గిందో చూస్తే, అందులో ఏం కలిసిందో చెప్పవచ్చు. బల్లంతా ఆక్రమించే యంత్రం చేసే పనిని ఆమె సార్డిన్ చేపల డబ్బా అంత పెట్టెలోకి తెచ్చింది. ఏడో గడి ఒక్కటే నూనె కోసం కాదు. మనుషుల ఊపిరి మధ్యలో చేరి లెక్క చెడగొడుతోందా అని చూడటానికి పెట్టింది.

ఆలివ్ కోతలు మొదలు కాగానే ఇద్దరూ పెట్టెతో హాజ్ మబ్రూక్ అనే పెద్దాయన నూనె మిల్లుకు వెళ్లేవాళ్లు. పొద్దున మొదటి పని ఖాళీ కొలత. పెట్టెలో ఏమీ పెట్టకుండా, ముఖాలు పక్కకు తిప్పుకుని మీట నొక్కాలి. తర్వాతి ప్రతి కొలతలోంచి పెట్టె ఆ ఖాళీని తీసివేస్తుంది. ఇప్పటి పెట్టెలు ఆ పని వాటంతటవే చేసుకుంటాయి. అప్పుడు మనిషి చేయాలి. ఆ మనిషి ఎమ్నా. ఆమె నొక్కుతుంటే వజ్దీ పెరట్లోకి పోయి నిలబడేవాడు.

"అంత దూరం అక్కర్లేదు," అనేది.

"మొదటి రోజు సంగతి నేను మరిచిపోలేదు."

"కక్ష పెట్టుకున్నారా?"

"భయం పెట్టుకున్నాను."

మధ్యాహ్నం మిల్లువాళ్లు వేడి రొట్టె, కొత్త నూనె, హరీసా కారం ఒకే పళ్లెంలో పెట్టేవాళ్లు. హరీసా అంతా ఎమ్నా తనవైపు లాక్కునేది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది ఆ పళ్లెం దగ్గరే. ఏ రోజో ఇద్దరికీ గుర్తు లేదు. మిల్లు చప్పుడులో మాట వినబడక దగ్గరగా జరిగి మాట్లాడుకునేవాళ్లు. చప్పుడు ఆగాక వెనక్కి జరగడం మరిచిపోయేవాళ్లు. అక్కడ వాన తక్కువ. పడ్డ రోజు రైతులు రారు, పని ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఇద్దరూ తడుచుకుంటూ మిల్లుకు వచ్చేవాళ్లు. ఎందుకొచ్చావని ఒకరినొకరు అడిగింది లేదు.

మూడో చలికాలంలో, ఉత్తరాన దూరంగా ఉన్న బిజర్త్ ఊరి కాలేజీ ఎమ్నాను ఉద్యోగానికి పిలిచింది.

"ఇక్కడా ఉండమంటున్నారు," అంది వజ్దీతో. "ఏదీ తేల్చుకోలేదు."

"బిజర్త్ మంచిదే కదా. మీ అమ్మకు దగ్గర."

"దగ్గరే. ఇంకేమైనా చెబుతావా?"

"పెట్టె నడపడం నేర్పి వెళ్లు."

ఎమ్నా అతని వంక చూసి, సరే అంది.

వెళ్లబోయే ముందురోజు సాయంత్రం మిల్లులో నేర్పింది. ఇద్దరూ పెట్టె మీదకి వంగారు. "ఇదిగో, ఇక్కడ," అని అతని వేలి మీద తన వేలు ఉంచి నొక్కింది. ఖాళీ కొలత పడింది.

మర్నాడు వజ్దీ ఒక్కడే వచ్చాడు. ఖాళీ కొలత మాటే మరిచి, మొదటి రైతు నూనె పెట్టాడు. తెర మీద 'ఫలితం లేదు' అని వచ్చింది. మళ్లీ పెట్టినా అంతే. రైతులు క్యాన్లు దించుకుని నిలబడ్డారు.

"పెట్టెకు జలుబు చేసిందా బాబూ?" అన్నాడు హాజ్ మబ్రూక్.

"చూస్తున్నాను, హాజ్."

"చూస్తే తగ్గదు. ఆ అమ్మాయికి కబురు పెట్టు."

వజ్దీ గడులను విడివిడిగా చూశాడు. ఏడోది తప్ప అన్నీ సరిగానే ఉన్నాయి. ఏడోది సున్నా కంటే కిందికి దిగింది, అందుకే పెట్టె ఫలితం ఇవ్వడం లేదు. అతనికి అర్థమైంది. నిన్నటి ఖాళీలో ఇద్దరి ఊపిరి ఉంది. ఈ రోజు గాలిలో అది లేదు. లేనిదాన్ని పెట్టె తీసివేస్తోంది.

కొత్త ఖాళీ తీస్తే పాతది చెరిగిపోతుంది. ప్రోగ్రామ్ అలా రాసింది తనే. వేలు మీట దాకా వెళ్లి ఆగింది. నూనె నమూనాలను ఊళ్లోని పెద్ద యంత్రానికి పంపించి, మిల్లు వెనక్కి వెళ్లి ఎమ్నాకు ఫోను చేశాడు.

"ఏడో గడి సున్నా కిందికి పోతోంది," అన్నాడు.

ఎమ్నా వెంటనే అడిగింది. "ఖాళీ ఎప్పటిది?"

"మనిద్దరం తీసింది."

"ముఖాలు దూరంగా పెట్టామా?"

"లేదు."

"నొక్కేటప్పుడే నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

"పెట్టె చెడగొట్టి వెళ్లావన్నమాట."

"నోరు విప్పని మనిషికి ఇంకెలా చెప్పను? కొత్తది తీసుకో. నిమిషం పని."

"తీయను."

"రైతులు తిడతారు."

"తిట్టనీ. అది కూడా చెరిపేస్తే నువ్వు నిజంగా వెళ్లిపోయినట్టే."

"వజ్దీ, సోమవారం ఇక్కడ సంతకం పెట్టాలి. చెప్పేదేదో సరిగ్గా చెప్పు. పెట్టె గురించి కాదు."

అతను గోడకు ఆనుకున్నాడు. "సంతకం పెట్టకు. నువ్వంటే నాకు ఇష్టం. వాన రోజుల్లో వచ్చింది నూనె కోసం కాదు. మీ అమ్మతో నేనే మాట్లాడతాను."

"అమ్మకు నీ పేరు పోయిన ఏడాదే తెలిసింది. పేరు వచ్చింది గానీ మనిషి రాడేమని రోజూ నన్ను సాధిస్తోంది."

మర్నాడు మధ్యాహ్నం షేర్ టాక్సీ మిల్లు ముందు ఆగింది. ఎమ్నా దిగి, వరసలో ఉన్న క్యాన్లను చూసి నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇంకా తీయలేదా?"

"లేదు."

"తియ్యి."

"ఉండనీ, ఎమ్నా."

"నేను వచ్చాను కదా. ఇంకా అది నీకెందుకు?"

ఇద్దరూ ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. వజ్దీ మీట నొక్కాడు. పాతది చెరిగిపోయింది. ఎమ్నా ఒక చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకుని బిజర్త్ కాలేజీకి రానని చెబుతూనే, రెండో చేత్తో మొదటి రైతును క్యాన్ తెమ్మని పిలిచింది.