ఎనిమిదో నంబరు ఒత్తి

మూడో అంతస్తు పిల్ల ప్రతి ఆదివారం పట్టపగలు కొవ్వొత్తి వెలిగించుకుని, నాలుగు గంటలపాటు దానికేసే చూస్తూ కూర్చుంటుందట. ఎదురుగా గడియారం, ఒళ్ళో నోటుపుస్తకం. ఎవరో పోయి ఉంటారట. పోకపోతే వదిలేసి ఉంటారట. రెండిట్లో ఏదో ఒకటి ఖాయమని రెండో అంతస్తు పిన్నిగారు ఇస్త్రీ ఆవిడతో అన్నారట.

ఇస్త్రీ ఆవిడ ఆ మాటని బట్టలతోపాటు మడతపెట్టి తెచ్చి మూడో అంతస్తులో అప్పగించింది.

"నేననలేదమ్మా, ఆవిడన్నారు. మనకెందుకులే అని విని ఊరుకున్నా. ఇంతకీ పోయారా, వదిలేశారా?"

"ఏదీ కాదు. ఒత్తులు టెస్ట్ చేస్తున్నాను."

"ఒత్తులా?" ఇస్త్రీ ఆవిడ మొహం చిన్నబోయింది. ఇంత చప్పటి సంగతి కింద ఎవరికి చెప్పుకోవాలి?

తలుపేసుకున్నాక ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. వదిలేసి పోవాలన్నా ముందు ఎవరో ఒకరు వచ్చి ఉండాలి కదా!

ఆమె పని కట్టుడు పళ్ళ ల్యాబులో. ఊళ్ళోని పళ్ళ డాక్టర్లు పంపిన దవడల అచ్చులు రోజుకి పాతిక దాకా ఆమె బల్లమీదికి వస్తాయి. వాటిమీద మైనం పోసి, పెన్సిలంత కత్తితో పన్ను చెక్కాలి. పైన గుంత, పక్కన గాడి, వెంట్రుకవాసి తేడా రాకూడదు. పొద్దుటినుంచి సాయంత్రందాకా నోళ్ళతోనే పని. ఒక్క నోరూ పలకరించదు.

ఇంటికొస్తే ఒంటిగది. కింద పిన్నిగారు టీవీలోవాళ్ళని తిట్టే తిట్లు నేలలోంచి పైకి వినిపించేవి. ఊరికి వచ్చి పదకొండు నెలలైనా ఆ గదికి మనిషి ఉన్న వాసన పట్టలేదు. అందుకే మూడు నెలల కిందట కొవ్వొత్తులు పోద్దామనుకుంది. గాజు జాడీలో సోయా మైనం, నాలుగు చుక్కల సుగంధ తైలం, మధ్యలో ఒత్తి. మైనం తెలిసిన చెయ్యి, ఇదెంత పని అనుకుంది.

మొదటి జాడీ నల్లగా పొగ కక్కింది. దాన్ని సంచిలో పెట్టుకుని ఒత్తులు కొన్న దుకాణానికి వెళ్ళింది.

"మీరిచ్చిన ఒత్తి చూడండి ఏం చేసిందో!"

కౌంటర్ వెనక ఉన్న యువకుడు జాడీని వెలుతురుకెత్తి చూశాడు.

"ఒత్తి తల పుట్టగొడుగులా విచ్చుకుందా?"

"విచ్చుకుంది."

"జాడీ ముట్టుకుంటే చురుక్కుమందా?"

"మీరేమైనా డాక్టరా?"

"పేషెంటుని తెచ్చింది మీరే కదండీ. కొలత ఎక్కడ తీసుకున్నారు?"

ఆమె జాడీ బయట వేలితో గీత గీసి చూపించింది. అతను నవ్వాపుకోలేకపోయాడు.

"ఒత్తి కాలేది లోపలండీ. గాజెంత మందముందో చూడండి. బయట కొలిచి ఒత్తి కొన్న మనిషిని మిమ్మల్నే చూశాను."

"పన్ను తొడుగుకి కొలత బయటే తీస్తారు," అంది పౌరుషంగా.

"పన్నా?"

"నా పని అదే."

"అలా చెప్పండి. పంటికి బయటే కొలవండి మేడం, నేనొద్దన్నానా? జాడీని మాత్రం వదిలేయండి."

ఆమెకి కోపం రావాల్సింది. కానీ ఆ రోజు మొత్తానికి ఆమెతో మాట్లాడిన మనిషి అతనొక్కడే. దాంతో కోపం వచ్చినట్టే వచ్చి పక్కకి తప్పుకుంది.

అతను ఆరో నంబరు ఒత్తి తీసిచ్చాడు. "లావైతే మసి పడుతుంది, సన్నమైతే కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంది. మైనం అంచులదాకా కరగాలి, మంట ఎగరకూడదు. సోయా మైనం మొండిది, చార్టుల మాట వినదు. వెలిగించి పక్కన కూర్చుని చూడాల్సిందే. నాలుగ్గంటలు కూర్చోగలరా?"

"కూర్చోగలను," అంది. ఆమె దగ్గర దండిగా ఉన్నది ఖాళీ సమయమొక్కటే.

ఒత్తి మారినప్పుడల్లా కొత్తగా పోసి, గట్టిపడేదాకా ఆగడం ఆమెకి నచ్చలేదు. డజను జాడీల్లో ఒత్తి లేకుండానే మైనం పోసి ఉంచింది. వారానికో జాడీకి వేడి సూదితో బెజ్జం పెట్టి ఒత్తి దించేది. సంగతి విని అతను, "ఇన్నేళ్ళుగా ఒత్తులమ్ముతున్నా, ఇది నాకు తట్టలేదే!" అని తల గోక్కున్నాడు. ఆ మాట ఆమెకి సోమవారం సాయంత్రందాకా సరిపోయింది.

ఆరో నంబరు గంటన్నరలో మునిగింది. ఏడోది మధ్యలో గొయ్యి తవ్వుకుంటూ పోయింది, అంచుల మైనం కదల్లేదు. ప్రతి శనివారం ఆమె కాలిన జాడీ తీసుకెళ్ళేది. అతను దాన్ని తిప్పి తిప్పి చూసేవాడు. చూపు జాడీ మీద మొదలై, ఎప్పుడో ఆమె మీదికి వచ్చేసి, దొరికిపోయి, మళ్ళీ జాడీలోకి దూకేది.

"నా పన్నొకటి విరిగింది. మీ ల్యాబుకి వస్తే కట్టిస్తారా?"

"ఏ పన్ను?"

"ఇంకా విరగలేదు. ముందు మాటిస్తే విరగ్గొట్టుకుంటా."

ఆ వారం దవడల మధ్య కూర్చుని ఆమె తనలో తాను నవ్వుకుంటుంటే, పక్క బల్ల ఆవిడ ఎగాదిగా చూసింది.

తర్వాత ఆదివారం ఎనిమిదో నంబరు. మూడు గంటలకల్లా మైనం ఒక అంచునుంచి ఇంకో అంచుదాకా నీళ్ళలా కరిగి నిలబడింది. మసి లేదు. మంట మాట వినే పిల్లలా కుదురుగా ఉంది. ఆమె చప్పట్లు కొట్టింది.

రెండో చప్పట్లోనే చేతులు ఆగిపోయాయి. ఒత్తి కుదిరింది. ఇక శనివారం ఏం చెప్పి వెళ్ళాలి?

మంట ఆర్పి, మైనం గట్టిపడేదాకా ఆగింది. అప్పుడు సంచిలోంచి పళ్ళు చెక్కే కత్తి తీసింది. నున్నటి మైనం మధ్యలో, ఒత్తి చుట్టూ, శ్రద్ధగా ఒక గొయ్యి తవ్వింది.

"ఎనిమిది కూడా గొయ్యే తవ్వింది," అంది శనివారం, కౌంటర్ చెక్క కేసి చూస్తూ.

అతను జాడీలోకి చాలాసేపు చూశాడు. "విచిత్రంగా ఉందే. జాడీ ఇక్కడే ఉంచండి, తీరిగ్గా చూస్తా. ఈసారి వేరే నూలుతో పేనిన ఎనిమిది ఇస్తాను."

అలా అయిదు శనివారాలు. అయిదు ఎనిమిదులు. అయిదు గోతులు.

ఆరో శనివారం కౌంటర్లో అతను లేడు. సరుకు తేవడానికి వెళ్ళాడట. దుకాణం సొంతదారు, అతని పెద్దమ్మ, కళ్ళజోడు ముక్కుమీదికి దించి జాడీ అందుకుంది.

"ఇది మంట తవ్వింది కాదే! మంట తవ్వితే గోడలు నున్నగా జారతాయి. ఇది కత్తి పని. అచ్చం దవడ పన్ను గుంతలా ఉంది. ఎందుకమ్మా నీకీ తిప్పలు? అక్కడ షెల్ఫులో కూడా ఇలాంటివే అయిదున్నాయి, మావాడు రోజూ తుడిచి పెడుతుంటాడు."

ఆమె చెవికి 'కత్తి పని' వరకే ఎక్కింది. మిగతాది వినకుండానే వానలోకి దిగేసింది. గొడుగు కౌంటర్ మీదే ఉండిపోయింది.

తర్వాత రెండు శనివారాలు వెళ్ళలేదు. ఆదివారాలు వెలిగించలేదు. మైనం పోసిన జాడీలు కిటికీ గట్టుమీద వరసగా, ఎవరూ పిలవని పేషెంట్లలా కూర్చున్నాయి. రెండుసార్లు ఎవరో తలుపు తట్టారు. ఇస్త్రీ ఆవిడే అయి ఉంటుంది, మళ్ళీ ఏదో మోసుకొచ్చి ఉంటుందని తియ్యలేదు. వాన పడుతుంటే కిటికీ అద్దం మీద చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకుని జారిపోతున్నాయి. వాటిక్కూడా తోడు దొరుకుతోందనుకుని మొహం తిప్పుకుంది.

మూడో ఆదివారం తలుపు చప్పుడు వేరేగా వినిపించింది. మోచేత్తో తడుతున్నట్టుంది. తీసింది.

అతను. నిలువునా తడిసి ఉన్నాడు. చేతుల్లో చెక్కపెట్టె, అందులో అయిదు జాడీలు. చంకలో ఆమె గొడుగు, మడిచే ఉంది.

"గొడుగు పట్టుకుని తడిశారా!"

"మీ గొడుగు మిమ్మల్నడక్కుండా ఎలా వాడతానండీ?"

"అడ్రసెవరిచ్చారు?"

"పళ్ళ ల్యాబులో అడిగా. నా పన్ను విరిగిందంటే నమ్మలేదు. నిజం చెప్తే ఇచ్చారు."

నిజం ఏమిటని ఆమె అడగలేదు. పెట్టెకేసి చూస్తూ, "మీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది.

"మొదటి గొయ్యి నుంచి. ఇంత అందంగా ఏ మంటైనా తవ్వుతుందాండీ?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే సరైన ఒత్తి ఇచ్చి పంపెయ్యాలి కదా. వేరే నూలూ లేదు, నా మొహమూ లేదు. అయిదుసార్లూ అదే కట్టలోంచి తీసిచ్చా." పెట్టె నేలమీద దించి, తడిచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. "రెండు శనివారాలు షాపు తలుపు గంట మోగినప్పుడల్లా లేచి నిలబడ్డాను. మా పెద్దమ్మ కుర్చీ తీసేస్తానంది."

ఆమెకి నవ్వూ కళ్ళనీళ్ళూ ఒకేసారి వచ్చాయి. ఆ నీళ్ళతోపాటు పదకొండు నెలల మాటలన్నీ తన్నుకొచ్చాయి.

"అబద్ధమాడాలని కాదండీ. మీ దగ్గరికి రావడానికి నాకింకే పనీ లేదు. ఈ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి మీరొక్కరే. ఈ బిల్డింగులోనైతే నేనుంటే ఎంత, పోతే ఎంత? పలకరించే దిక్కు లేదు."

"ఇకమీద శనివారందాకా ఆగకండి," అన్నాడతను, మెల్లగా. "నేనూ ఆగలేను."

ఆమె తలూపింది. ఒక జాడీ తీసి, గొయ్యి మధ్యలో మిగిలిన ఒత్తిని వెలిగించింది. మంట కుదురుగా నిలబడింది. వాసన గదిలోంచి తెరిచి ఉన్న తలుపుదాకా, అక్కణ్నుంచి మెట్లమీదికి సాగింది.

మెట్లమీద అలికిడైంది. ఇద్దరూ తలెత్తారు.

గుమ్మంలో రెండో అంతస్తు పిన్నిగారు, ఒక చెయ్యి గోడమీద ఆనించి, ఆయాసపడుతూ నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి ఉన్నారో తెలియదు. ఆవిడ అతనికేసి చూడలేదు, జాడీలకేసీ చూడలేదు.

"ఆదివారం ఈ వాసన దిగితే, పిల్ల బాగానే ఉందిలే అనుకునేదాన్ని. రెండు వారాలుగా లేదని మోకాళ్ళ నెప్పితో రెండుసార్లు ఎక్కొచ్చి తట్టాను. తియ్యలేదు."

"మీరా పిన్నిగారూ! నేనింకా ఇస్త్రీ ఆవిడ..."

"పలకరించే దిక్కు లేదా? పదకొండు నెలలుగా నీ కాళ్ళకింద నేనూ ఒక్కదాన్నే ఉంటున్నాను. ఒక్కనాడైనా దిగొచ్చి నా తలుపు తట్టావా?"