దొరస్వామి ముడుల తాడు

మా నాయన తేల్చి చెప్పేసినాడు. గంగమ్మ జాతరకి ఆ పెట్టె ఆడాల, లేకుంటే అంగడి మూసేసి రేణిగుంట గోడౌన్లో మూటలు మొయ్యడానికి పో అని. ఐ.టి.ఐ. మధ్యలో ఇడిచిపెట్టి వచ్చినోడికి ఎదురు చెప్పే నోరు యాడుంటాది?

పెట్టె అంటే వీడియో గేమ్ పెట్టె. ఆట నడిపే బోర్డు మద్రాసులో కొన్నాం. పాత కలర్ టీవీని వెల్లకిలా పండబెట్టి, సుట్టూ బల్ల కట్టి, పైన అద్దం పెట్టినాం. నలుగురు ఒకేసారి ఆడే కార్ల ఆట. ఈ పక్క ఇద్దరు, ఆ పక్క ఇద్దరు నిలబడాల. తిరుపతిలో ఇంకెవురి దగ్గరా లేదు అట్లాంటిది.

అంతా కుదిరింది. కొలత ఒక్కటే కుదర్లా.

పక్కపక్కన నిలబడే ఇద్దరూ పట్టుకొని కార్లు తిప్పే కడ్డీలకీ మధ్య ఎంత ఎడం ఉండాల? దగ్గిర పెడితే మోచేతులు కొట్టుకుంటాండాయి. దూరం పెడితే మెడ సాచినా టీవీలో సగం కనపడదు. బెజ్జం వెయ్యడం, నిలబడి సూడడం, తిట్టుకోవడం, రంపప్పొట్టూ బంకా కలిపి పూడ్సడం. బల్లంతా అమ్మోరు పోసిన మొగం మాదిరి అయిపోయింది.

ఆ పొద్దు మిట్టమధ్యాహ్నం. పిల్లకాయలు ఎగబడతారని షట్టర్ దించేసినాం. బయట మే నెల ఎండ, లోపల చీకటి. టంకం పొగ, టర్పెంటైను, మా చెమట… ఊపిరాడదు.

"నీ మోచెయ్యి తీరా గోవిందూ!" అని అరిచినాను.

"ఏం, నరికి దండెం మింద ఆరేసుకోమంటావా?" అన్నాడు నా సావాసగాడు గోవిందు.

ఇంకో సావాసగాడు ధనంజయ నవ్వినాడు. నాకు నవ్వు రాలా. ఉలి ఎత్తి గోడకేసి కొట్టినాను.

వడ్రంగి దొరస్వామి చిత్తూరు మనిషి. పెద్దాయన. ఉలి ఏరుకొచ్చి పైపంచెతో తుడిచినాడు. "ఉలి ఏం చేసిందప్పా నిన్ను?" అని, సంచిలోనించి ఒక తాడు తీసినాడు. నల్లబడిపోయిన పాత తాడు. మధ్య మధ్యలో ముడులు.

"మా నాయన తాడు. నలుగురు మనుషులు ఒకరికొకరు తగలకుండా ఒక బల్లకాడ నిలబడే కొలత ఇది."

"దేనికి వాడేటోడు మీ నాయన?"

"నీకు కొలత కావాల్నా, కథ కావాల్నా?"

కొలతే కావాలన్నాను.

ముడికాడ బెజ్జాలు వేసినాడు. కడ్డీలు బిగించినాం. నలుగురం నిలబడినాం. ఒక్క మోచెయ్యి తగల్లేదు. నలుగురికీ టీవీ నిండుగా కనపడతాంది. నిలబడి నిలబడి అలవాటైన చోటు మాదిరి ఉండాది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే టప్‌మని ఫ్యూజు పోయింది.

వైరింగు చేసింది దామోదరం, మాలో ఐదోవాడు. "ఫ్యూజు వైరు తెస్తా" అని సైకిలెక్కి పోయినాడు. పోయినోడు పోయినట్టే ఉండాడు. వాడొచ్చేలోపల పెట్టెని షట్టర్ కాడికి జరుపుదామని నలుగురం నాలుగు మూలలా పట్టుకొని లేపినాం.

పొద్దున ఇద్దరం ఎత్తిన పెట్టె. ఇప్పుడు నలుగురికీ నడుములు ఇరిగిపోతాండాయి.

"దించండ్రా… దించండి," అన్నాడు గోవిందు. "సేతులు తెగతాండాయి."

అంగడి మధ్యలో దించినాం.

మాయమ్మ నావి కుక్క చెవులంటాది. ట్రాన్స్‌ఫార్మర్ గొణుగుడు ఇని ఏ వైరు వదులైందో చెప్పేస్తాను. ఇప్పుడు కరెంటు లేదు. ప్లగ్గు నా చేతిలోనే ఉండాది. అయినా లోపల… ఏందో.

ఊపిరి మాదిరి. పీలుస్తాంది. ఆగతాంది. వదలతాంది.

బల్లకి చెవి ఆనించినాను. ఫ్యూజు పోయేటప్పుడు యా వైరో అంటుకొని ఇంకా కాలతాందనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. ఆ బల్ల మీదే నోరు పెట్టి అరిచినాను.

"దామోదరం! ఒరే దామోదరం! యాడ సచ్చినావురా దామోదరం!"

దొరస్వామి చెయ్యి నా నోటికి అడ్డం పడింది. చల్లగా ఉండాది ఆ చెయ్యి.

"మూడుసార్లు పిలిచేస్తివే…" అన్నాడు గుసగుసగా.

"అయితే ఏందిప్పా?"

"మా నాయన పాడెలు కట్టేటోడు. అది మోసే నలుగురి కొలత."

అప్పుడు ఎక్కింది నాకు. శవాన్ని మోసుకుపోయేటప్పుడు దోవ మధ్యలో ఒకసారి దింపుతారు. అయినోళ్లు చెవికాడ నోరు పెట్టి, పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. పానం ఇంకా ఉంటే పలకతారని.

నలుగురం ఒకరి మొగం ఒకరం సూసుకున్నాం.

లోపల ఊపిరి ఆగింది.

"ఆఁ…"

బల్ల కిందనించి. మెల్లిగా. నిద్రలో పలికినట్టు…

గోవిందు షట్టర్ పైకి లాగి పడేసినాడు. ఎండ లోపలికి పడింది. ఎదురుగా దామోదరం నిలబడి ఉండాడు. చేతిలో ఫ్యూజు వైరు.

"ఎవురప్పా పిలిచినారు? రైల్వే గేటుకాడ ఉంటే నా చెవిలోనే పిలిచినట్టు ఇనపడింది. ఆఁ అన్నాను."

"సైకిలేదిరా?" అన్నాడు ధనంజయ.

దామోదరం రైల్వే గేటు దిక్కు తిరిగి సూసినాడు. "ఏమో," అన్నాడు.

దొరస్వామి నన్ను వెనక్కి లాగినాడు. "ఆ బెజ్జాలు పూడ్చేద్దాం అబ్బా. ఆ తాడు తియ్యడమే నా తప్పు. వేరే కొలత సూద్దాం. కూలీ ఒద్దు నాకు."

బల్ల మీద పూడ్చిన బెజ్జాలు సూసినాను. తెల్లారితే జాతర. రేణిగుంట మూటలు కండ్ల ముందర ఆడినాయి.

"ఇంగొక్క బెజ్జం పూడ్చేది లేదు," అన్నాను. "కుదిరింది. వదిలెయ్."

ఆయన తాడు సుట్టుకొని వెళ్లిపోయినాడు. సంచి మర్చిపోయినాడు.

జాతర నాడు పెట్టె ఆడింది. పులి యాసమేసుకున్నోళ్లు కూడా రంగుల మొగాలతో వచ్చి ఆడినారు. నలుగురు పోతే నలుగురు. నాయన వాకిట్లో నిలబడి సూసి, నాకు సోడా కొట్టించి ఇచ్చినాడు. నా జన్మలో మొదటిసారి.

ముందురోజు ఫ్యూజు వేసి పోయిన దామోదరం మళ్లా కనపడక నాయనే అడిగినాడు, "మీ వైరింగోడు యాడరా?" అని.

అప్పుడే ఇనపడింది. డప్పుల మోతలో కూడా తెలిసింది నాకు. సందు చివర నించి అడుగుల చప్పుడు. నాలుగు జతల కాళ్లు. ఒకే తూకంగా, బరువు మోస్తా, నిదానంగా.

లోపల నలుగురు పిల్లకాయలు కడ్డీలు పట్టుకొని వంగి ఆడతాండారు.

తల తిప్పి సూసినాను. సందులో వచ్చేది దామోదరం ఒక్కడే. కాళ్లకి చెప్పులు కూడా లేవు.

నా ముందరికొచ్చి ఆగినాడు. నాలుగు జతల అడుగులూ ఆగినాయి.

ఆ తర్వాత… మెత్తగా, మట్టిలో దేన్నో దించిన చప్పుడు.

దామోదరం తన చెవి నా నోటికాడికి వంచి, పిలుపు కోసం ఎదురుచూస్తాండాడు.